యబ్బేజు అంటే నొప్పేనా?

ప్రశ్న: మా బాబు పేరు జబేజ్, తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. వాడు ఏడో నెలలోనే పుట్టాడు. నాకు బ్లీడింగ్ ఆగక డాక్టర్లు ఆశ వదులుకున్నారు. బాబును బాక్సులో పెట్టారు. చివరికి ఇద్దరం బతికి ఇంటికొచ్చాక మా పాస్టర్ గారు మొదటి దినవృత్తాంతములు నాలుగో అధ్యాయం చదివి, యబ్బేజు (ఇంగ్లీషులో జబేజ్) అని పేరు పెట్టి ప్రార్థన చేశారు. మాకు ఆ పేరు ఎంతో నచ్చింది. తర్వాత పాప పుడితే గ్రేస్ అని పెట్టుకున్నాం. మొన్న స్కూల్లో పిల్లలు ఫోన్‌లో పేర్ల అర్థాలు చూసుకుంటూ, వీడి పేరుకు ‘నొప్పి, బాధ కలిగించేవాడు’ అని ఉందని బాగా ఏడిపించారట. ఇంటికొచ్చి, “చెల్లికేమో కృప, నాకేమో నొప్పా? నేను పుట్టడం నీకంత కష్టమైతే ఆ సంగతి నా పేరులో ఎందుకు పెట్టావు మమ్మీ?” అన్నాడు. నాకు నోట మాట రాలేదు. మా ఆడపడుచు, “ఇలాంటి పేర్లు అచ్చిరావని అప్పుడే చెప్పాను, అందుకే వాడికి ఎప్పుడూ ఏదో ఒక జబ్బు” అంటోంది. టెన్త్‌లోకి వెళ్లేలోపు పేరు మార్చేయమని ఒకటే పోరు. మా వారు వద్దంటున్నారు. ఆ పేరుకు నిజంగా అర్థమేమిటి? మార్చాలా? నాకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
— ఒక తల్లి, గుంటూరు జిల్లా

జవాబు: అమ్మా,

ముందు మీ ఆడపడుచు గారి మాట సంగతి తేల్చేద్దాం, మీకు నిద్ర పట్టకుండా చేస్తున్నది అదే అయి ఉంటుంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు ఊపిరితిత్తుల ఇబ్బందులు, చీటికీ మాటికీ జలుబు, దగ్గు రావడం మిగతా పిల్లలకంటే ఎక్కువే. దానికి కారణం ఏడో నెల. పేరు కాదు. ఇప్పటికీ తరచూ ఒంట్లో బాగుండకపోతే మంచి పిల్లల డాక్టరుకు చూపించండి, ఏడో నెలలో పుట్టాడన్న సంగతి మొదట్లోనే చెప్పండి. ఇక పేరు అచ్చిరాదనడం అంటారా, ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడ రాసి ఉన్నదానికి ఆ మాట పూర్తిగా ఎదురు. ఆ పేరుతో పెరిగినవాడు బైబిల్లో చెడిపోలేదు, కుంగిపోలేదు. అడిగినదాన్ని దేవుడు ఇచ్చాడని రాసి ఉంది.

మొదటి దినవృత్తాంతములు మొదటి తొమ్మిది అధ్యాయాలూ దాదాపు పేర్ల పట్టికలే. ఫలానావాడు ఫలానావాణ్ని కనెను, వాని కుమారులు వీరు, అంటూ సాగుతుంది. బైబిలంతా ఏడాదిలో చదవాలని మొదలుపెట్టినవాళ్లు చాలామంది ఇక్కడికి రాగానే పేజీలు తిప్పేస్తారు. నాలుగో అధ్యాయంలో యూదా గోత్రం లెక్క నడుస్తూ ఉంటుంది. కోసు, అనూబు, జోబేబా, అహర్హేలు, ఇలా వెళుతూ వెళుతూ పట్టిక ఉన్నట్టుండి ఆగుతుంది. యబ్బేజు అని ఒకడున్నాడంటుంది. తండ్రి ఎవరో చెప్పదు, కొడుకుల పేర్లు చెప్పదు, ఏ కాలంవాడో చెప్పదు. తొమ్మిది, పది వచనాలు అతనికి ఇచ్చేసి, పదకొండో వచనంలో పట్టిక మళ్లీ మొదలవుతుంది. ఆ మనిషి ఇంకెక్కడా కనిపించడు. అంతకుముందు రెండో అధ్యాయం చివర మాత్రం యబ్బేజు అనే పేరుతో ఒక ఊరు ఉంది. అక్కడ లేఖికుల వంశాలు, అంటే రాతపని చేసేవాళ్ల కుటుంబాలు కాపురముండేవని రాశారు. ఆ ఊరికీ ఈ మనిషికీ సంబంధం ఏమిటో అక్కడ చెప్పలేదు.

తొమ్మిదో వచనం ఇది: “యబ్బేజు తన సహోదరులకంటె ఘనము పొందినవాడై యుండెను. వేదనపడి యితని కంటినని అతని తల్లి అతనికి యబ్బేజు అను పేరు పెట్టెను.”

వరస చూడండమ్మా. పుట్టుక ముందు జరిగింది, ఘనత తర్వాత వచ్చింది. రాసినవాడు మాత్రం ఘనతను ముందు పెట్టి, ఆ తర్వాతే పేరు కథ చెప్పాడు. చదివేవాడికి ఇతను మొదట గౌరవం పొందిన మనిషిగా తెలియాలి, వేదన సంగతి ఆ వెనుక తెలియాలి అనుకున్నాడన్నమాట. మీ అబ్బాయి చూసిన ఫోన్‌లో ఈ మొదటి సగం లేదు. పేరు పక్కన ఒక్క ముక్క రాసే చోట అంతకంటే ఏం ఆశిస్తాం.

ఇక పేరు సంగతి. మీ తెలుగు బైబిల్లో 119వ కీర్తన తీయండి. ఎనిమిదేసి వచనాలకు ఒకసారి ఆలెఫ్, బేత్, గీమెల్ అని పైన రాసి ఉంటుంది. అవి పాత నిబంధనను మొదట రాసిన హెబ్రీ భాషలో అక్షరాల పేర్లు. యబ్బేజు పేరును హెబ్రీలో రాస్తే నాలుగే అక్షరాలు: యోద్, అయిన్, బేత్, సాదె. మొదటి యోద్‌ను పక్కన పెట్టండి. మిగిలినవి అయిన్, బేత్, సాదె. అదే వచనంలో తల్లి అన్న వేదన అనే మాటకు మూల అక్షరాలు అయిన్, సాదె, బేత్. మీ అబ్బాయిని కూర్చోబెట్టి కాగితం మీద ఈ రెండూ ఒకదాని కింద ఒకటి రాయించండి. చివరి రెండు అక్షరాలు అటుదిటు అయ్యాయని వాడే పట్టుకుంటాడు.

అంటే వేదన అన్న మాటను ఆ తల్లి ఉన్నదున్నట్టు బిడ్డకు తగిలించలేదు. పలికితే ఆ మాట గుర్తుకొస్తుంది, రాస్తే ఆ మాట కాదు. ఆ బాధ బిడ్డను అంటకూడదని కావాలనే అక్షరాలు మార్చిందని అనుకునే వ్యాఖ్యాతలు ఉన్నారు. ఆమె మనసులో ఏముందో వచనం చెప్పదు కాబట్టి నేను అంత గట్టిగా అనను. కానీ అక్షరాలు మారి ఉన్నాయన్నది ఎవరైనా కళ్లతో చూసుకోవచ్చు. పేరుకు నేరుగా ‘నొప్పి’ అని అర్థం రాసేస్తే ఈ తేడా పోతుంది.

మరి ‘బాధ కలిగించేవాడు’ అని ఎలా వచ్చిందంటారా? హెబ్రీలో యోద్‌తో మొదలయ్యే పేర్లు కొన్ని ‘అతడు ఫలానా పని చేస్తాడు’ అన్న తీరులో ఉంటాయి. యోసేపు అంటే ‘ఆయన ఇంకా కలుపుతాడు’, అంటే దేవుడు ఇంకో కొడుకును ఇస్తాడని అతని తల్లి రాహేలు ఆశ. ఇస్సాకు కూడా హెబ్రీలో యోద్‌తోనే మొదలవుతుంది, ‘నవ్వుతాడు’ అని అర్థం. ఆ లెక్క ప్రకారం యబ్బేజును కూడా విడదీసి, వేదన అనే మాటతో కలిపి, ‘బాధ కలిగిస్తాడు’ అని కట్టారు. అయితే అయిన్, బేత్, సాదె అన్న వరసలో ఒక క్రియ హెబ్రీ బైబిల్లో ఇంకెక్కడా కనపడదు. కాబట్టి అది కూడి తీసిన అర్థం. ఈ పిల్లవాడు ఎవరినైనా బాధపెడతాడని వచనంలో ఒక్క అక్షరం లేదు.

హెబ్రీ లేఖనాల్లో పేరుకు కారణం చెప్పే పద్ధతి చాలాచోట్ల ఇలాగే ఉంటుంది, చెవికి ఏది తగిలితే దాన్ని పట్టుకుంటారు. నోవహు అన్న పేరు విశ్రాంతి అనే మాటకు దగ్గర. కానీ ఆదికాండము 5వ అధ్యాయంలో అతని తండ్రి లెమెకు దాన్ని ఓదార్చడం అనే ఇంకో మాటతో కలిపి చెబుతాడు. ఈ దినవృత్తాంతముల్లోనే 7వ అధ్యాయంలో ఎఫ్రాయిము తన ఇంటికి కీడు వచ్చిందని పుట్టిన కొడుక్కి బెరీయా అని పేరు పెట్టాడు. అక్కడా పోలిక ధ్వనిలోనే ఉంది. ఏ కీడు వల్ల ఆ పేరు వచ్చిందో ఆ కీడు ఆ ఇంటిని ముంచేయలేదు. అదే పట్టికలో నాలుగు వచనాలు దాటగానే, మోషే తర్వాత ఇశ్రాయేలును నడిపించిన యెహోషువ పేరు వస్తుంది.

ఇప్పుడు ఆ తల్లి గురించి కొంచెం ఆగి మాట్లాడాలి, ఎందుకంటే మీ ప్రశ్నకు జవాబు నాకు ఆమె మాటలోనే దొరికింది. ఆమె పేరు మనకు తెలియదు. ఆమె వాడిన మాట మాత్రం బైబిలు మొదట్లోనే ఉంది. ఆదికాండము 3:16లో స్త్రీతో దేవుడు, “వేదనతో పిల్లలను కందువు” అంటాడు. హెబ్రీలో రెండు చోట్లా ఒకే మూలం నుంచి వచ్చిన మాటలు. మన తెలుగు అనువాదకులు రెండు చోట్లా వేదన అనే పెట్టి ఆ చుట్టరికం తెగకుండా కాపాడారు, వాళ్లకు దణ్ణం పెట్టాలి. ప్రవక్తలు ప్రసవవేదనను పోలికగా ఎన్నోసార్లు వాడారు: యుద్ధం వస్తే ప్రసవించే స్త్రీలా వణికారు, పట్టణం కూలితే ప్రసవించే స్త్రీలా అరిచారు అని. తన కాన్పు ఎలా గడిచిందో ఒక తల్లి తన నోటితోనే చెప్పి, ఆ మాటను వంశావళిలో నిలబెట్టిన చోట్లు మాత్రం బహు తక్కువ. మగవాళ్ల పేర్లు వరసగా సాగే పట్టికలో ఆమె మాటకు చోటు దొరికింది. నాకు ఆ తొమ్మిదో వచనం మీద అంత ప్రేమ అందుకే.

ఆమె ఏమంది? “వేదనపడి ఇతని కంటిని” అంది. వేదన పడింది నేను అంటోంది. వీడు వేదన అనలేదు, వీడి వల్ల నా బతుకు వేదన అయిందనీ అనలేదు. మీరు కూడా అంతేగా అమ్మా. బ్లీడింగ్ ఆగనిది మీకు, బాక్సు అద్దం అవతల నిలబడి చూసింది మీరు. వాడికి అవేవీ గుర్తు లేవు, వాటిలో వాడి తప్పు వీసమంత లేదు. మీ అబ్బాయి అడిగిన ప్రశ్నకు మీరు చెప్పాల్సిన మొదటి మాట ఇదే: నొప్పి నాది, నువ్వు నాకు దక్కినవాడివి.

రాహేలు కథ మీకు తెలుసు. ఎఫ్రాతా దారిలో కాన్పు కష్టమై ప్రాణం పోతుండగా ఆమె కొడుక్కి బెనోని అని పేరు పెట్టింది, నా దుఃఖపుత్రుడు అని. ఆమె భర్త యాకోబు ఆ పేరు ఉండనివ్వలేదు, బెన్యామీను అని మార్చాడు. కాబట్టి పేరు మార్చడం లేఖనాల్లో తప్పేమీ కాదు, మార్చినవాళ్లున్నారు. యబ్బేజు పేరును మాత్రం ఎవరూ మార్చలేదు. అతనూ మార్చమని అడగలేదు. అతను చేసింది పదో వచనంలో ఉంది. ఇశ్రాయేలు దేవునికి మొఱ్ఱపెట్టి, నన్ను ఆశీర్వదించు, నా సరిహద్దును విశాలపరచు, నీ చెయ్యి నాకు తోడుగా ఉండనివ్వు, కీడు రాకుండా నన్ను తప్పించు అని అడిగాడు. దేవుడు అతడు అడిగింది ఇచ్చాడు.

ఇక్కడ తెలుగులో కనపడనిది ఒకటి ఉంది. “నాకు కీడురాకుండ” అని మనం చదువుకునే చోట హెబ్రీలో చివరి మాట మళ్లీ ఆ వేదనే. కీడును తప్పించు, అది నన్ను వేదన పెట్టకుండా, అన్నట్టు ఉంటుంది. పేరులో ఒకసారి, తల్లి మాటలో ఒకసారి, కొడుకు ప్రార్థనలో ఒకసారి, రెండే వచనాల్లో ఆ ధ్వని మూడుసార్లు వినిపిస్తుంది. తన పేరు వెనకున్న సంగతి అతనికి తెలుసు. తెలిసే, దాన్ని దాచుకోకుండా, నాకు ఇక వేదన వద్దని ఆ మాటతోనే అడిగాడు. ఇదే సంగతి మీ అబ్బాయి తెలుసుకోవాలని నా కోరిక. ఆ పేరున్నవాడు తన పేరును చూసి సిగ్గుపడలేదు, భయపడలేదు కూడా.

సరిహద్దు గురించి ఒక్క మాట. ఈ మధ్య ఆ ఒక్క వాక్యాన్ని మాత్రం తీసుకుని క్యాలెండర్ల మీద, ఫ్లెక్సీల మీద వేసి, రోజూ ఇన్నిసార్లు పలికితే స్థలాలు, వ్యాపారాలు పెరుగుతాయని చెప్పేవాళ్లు ఎక్కువయ్యారు. నాకు అది బాధగా ఉంటుంది. ఈ గ్రంథం ఇప్పుడున్న రూపానికి వచ్చింది బబులోను చెర తర్వాత, అంటే యూదుల్ని బబులోనుకు బందీలుగా తీసుకుపోయిన రోజులు ముగిశాక. అప్పటికి యూదా అంటే పారసీకుల ఏలుబడిలో మిగిలిన చిన్న ముక్క. పోయిన ఊళ్లు, పోయిన పొలాలు తలుచుకుంటూ తాత ముత్తాతల పేర్లు రాసుకుంటున్న జనం వాళ్లు. అలాంటివాళ్లు “నా సరిహద్దును విశాలపరచు” అన్న మాటను ఎలా చదివి ఉంటారో ఆలోచిస్తే, దాన్ని మంత్రంలా వాడబుద్ధి కాదు. మీ పాస్టర్ గారు ఆ పేరు పెట్టినప్పుడు చావు తప్పించుకున్న ఇద్దరిని చూసి పెట్టారు. ఆ వాడకం సరైనది.

తర్వాతి కాలంలో యూదులు ఈ పేరును ఎలా చూశారో కూడా మీ అబ్బాయికి చెప్పండి, వాడికి బలం వస్తుంది. యూదుల ధర్మశాస్త్ర చర్చల పెద్ద గ్రంథమైన తల్ముదులో తెమూరా అనే భాగం ఉంది. అందులో రబ్బీలు, అంటే యూదుల బోధకులు, యబ్బేజును న్యాయాధిపతుల గ్రంథంలోని ఒత్నీయేలుతో ఒకడిగా చూస్తారు. చరిత్రగా దాన్ని నమ్మాలని నేను అనను, కానీ పేరుతో వాళ్లు చేసింది చూడండి. దాన్ని ‘ఆలోచన చెప్పడం’, ‘విస్తరింపజేయడం’ అన్న రెండు హెబ్రీ మాటలతో కలిపి, ఇశ్రాయేలులో ధర్మశాస్త్రాన్ని బోధించి వ్యాపింపజేసినవాడు కాబట్టి యబ్బేజు అన్నారు. ప్రార్థనను కూడా అలాగే చదివారు: సరిహద్దు విశాలపరచు అంటే నాకు శిష్యుల్ని ఎక్కువగా ఇవ్వు అని, నీ చెయ్యి తోడుండనివ్వు అంటే చదివింది మరచిపోకుండా చెయ్యి అని. యబ్బేజు అనే ఊళ్లో లేఖికులు ఉండేవారన్న ఆ వచనం కూడా చదువుతో ముడిపడిందే కదా. తొమ్మిదో తరగతి పిల్లాడికి, పరీక్షల ముందు, ఇంతకంటే పనికొచ్చే ప్రార్థన ఏముంటుంది!

ఆ పేరు హెబ్రీ ఉచ్చారణలో యావెత్స్ అని నేటికీ యూదుల్లో వినిపిస్తుంది. 1492లో స్పెయిన్ నుంచి యూదులందరినీ వెళ్లగొట్టినప్పుడు ఇటలీకి చేరిన పండితుల్లో యోసేఫ్ యావెత్స్ ఒకరు. జర్మనీలోని ఆల్తోనాలో 1697లో పుట్టి 1776లో కన్నుమూసిన మహా పండితుడు యాకోబ్ ఎమ్డెన్ గారిని ఆయన అనుచరులు యావెత్స్ అనే పిలుచుకునేవారు. యాకోబ్ బెన్ జ్వీ, అంటే జ్వీ కుమారుడు యాకోబ్, అన్న పేరులోని అక్షరాలు కలిస్తే సరిగ్గా యబ్బేజు వస్తుంది. అంత పెద్దాయన నొప్పి అనే పేరును గౌరవంగా మోశాడా అని అడిగితే మీ అబ్బాయి దగ్గర జవాబు ఉండదు.

క్రైస్తవుల్లో ఇంగ్లండులో ఈ పేరు బాగా వాడుకలో ఉండేది. 1779లో మాంచెస్టరులో పుట్టిన జబేజ్ బంటింగ్ మెథడిస్టు సంఘానికి తర్వాతి శతాబ్దంలో పెద్ద నాయకుడయ్యాడు. ఆయన తల్లి పెళ్లికాకముందు, అమెరికాకు ప్రయాణమైన ఒక బోధకుడు యబ్బేజు మీద చెప్పిన ప్రసంగం విని మనసు మార్చుకుందని, అందుకే మొదటి కొడుక్కి ఆ పేరు పెట్టిందని ఆయన జీవితచరిత్రలో ఉంది. ఆ తల్లి మనసులో నిలిచింది ఘనత, ప్రార్థన. మన దగ్గర రెండు రూపాలూ నడుస్తున్నాయి. తెలుగు బైబిలును బట్టి యబ్బేజు, ఇంగ్లీషు బైబిలును బట్టి జబేజ్. యాకోబు, జాకబ్ ఎలాగో, యోహాను, జాన్ ఎలాగో ఇవీ అంతే.

మన ఊళ్లలో కూడా పేరు వేరు, దాని మాట వేరు అన్నది అందరికీ తెలుసు. వరసగా పిల్లలు పోయిన ఇంట్లో మళ్లీ బిడ్డ పుడితే పెంట మీద పొర్లించి పెంటయ్య అనో పెంటమ్మ అనో, విస్తరాకులో దొర్లించి పుల్లయ్య అనో పేరు పెట్టేవారు. ఆ పెంటయ్య తాత పెద్దమనిషై రచ్చబండ మీద కూర్చుంటే ఎవరికీ పెంట గుర్తు రాలేదు. ఆయనే గుర్తొచ్చాడు. యబ్బేజు పేరు వెనక ఉద్దేశం ఇది కాదు, దిష్టి తగలకుండా పెట్టింది కాదు. ఆ తల్లి జరిగినదాన్ని గుర్తుపెట్టుకుంది, అంతే. అయినా బిడ్డ మీద ప్రేమ లేక పెట్టిన పేర్లు కావు ఇవి రెండూ. మీ ఆడపడుచు గారి అత్తింట్లోనో పుట్టింట్లోనో ఇలాంటి పేరున్న పెద్దలు తప్పకుండా ఉండి ఉంటారు, వాళ్లు ఎంతకాలం బతికారో అడగండి.

ఇప్పుడు అబ్బాయితో ఎలా మాట్లాడాలో చెబుతాను. వాడిని కూర్చోబెట్టి బైబిలు క్లాసు చెప్పకండి. వాడు అడిగింది వాడి పుట్టుక గురించి. ఆ పిల్లాడికి కాన్పు సంగతి ఇప్పటివరకు ఎవరూ పూర్తిగా చెప్పి ఉండరని నా అనుమానం. ఆడపిల్ల అయితే ఎప్పుడో ఒకప్పుడు వంటింట్లో చెబుతాం, మగపిల్లాడికి ఎందుకులే అని వదిలేస్తాం. చెప్పండి. వాడు పుట్టినప్పుడు ఎంత బరువున్నాడు, బాక్సులో ఎన్నాళ్లున్నాడు, మొదటిసారి మీ చేతికి ఎప్పుడిచ్చారు, వాళ్ల నాన్న హాస్పిటల్ వరండాలో ఏం చేశాడు, అన్నీ. హాస్పిటల్ డిశ్చార్జి కాగితాలు దాచి ఉంటే తీసి చూపించండి. ఆ తర్వాత తొమ్మిదో వచనం వాడినే చదవమనండి. “పాస్టర్ గారు ఈ వచనం చదివినప్పుడు నాకు మొదటి వాక్యమే వినపడింది రా, ఘనము పొందినవాడు అన్నది” అని, అది నిజమైతేనే, చెప్పండి. నిజం కాకపోతే అప్పుడు మీకు ఏం వినపడిందో అదే చెప్పండి. పద్నాలుగేళ్ల పిల్లలు అమ్మ మాటలో అతుకు వెంటనే కనిపెట్టేస్తారు.

గ్రేస్ సంగతి కూడా వదిలేయకండి. వాడి కోపంలో సగం అక్కడే ఉంది. చెల్లి మామూలుగా పుట్టింది కాబట్టి తనకు మంచి పేరు వచ్చిందని వాడు లెక్క వేసుకున్నాడు. మీరు ప్రాణం మీదికి తెచ్చుకుని కన్న తర్వాత ఇంకో కాన్పుకు ధైర్యం చేశారంటే మొదటివాడు దక్కాడన్న ధైర్యంతోనే కదా. ఆ మాట వాడి ముందు, పాప ముందు, ఇద్దరూ ఉన్నప్పుడు అనండి.

స్కూల్లో ఏడిపించేది ఆగకపోతే క్లాస్ టీచర్ గారిని కలిసి చెప్పండి. వాడికి ముందు చెప్పి వెళ్లండి, వాడికి తెలియకుండా వెళితే ఇంకా చిన్నబుచ్చుకుంటాడు.

ఇక మార్చాలా వద్దా. నా అభిప్రాయం అడిగితే మార్చనక్కర్లేదు. దాంట్లో మార్చాల్సిన చెడు ఏదీ లేదు. కానీ ఆ పేరుతో జీవితాంతం తిరగాల్సింది నేను కాదు, మీ ఆడపడుచూ కాదు, మీ వారూ కాదు. అబ్బాయి ఈ కథంతా విన్నాక కూడా, కొన్నాళ్లు ఆగి, నాకు వద్దు అంటే వాడి మాట వినండి. బెన్యామీను ఉన్నాడు కదా, పేరు మారినంత మాత్రాన రాహేలు కొడుకు కాకుండా పోలేదు. మావారు ఒప్పుకోరు అంటారేమో. ఆయనకు కూడా ఈ సంగతులన్నీ చదివి వినిపించండి. భయపడి మార్చడం వేరు, పిల్లాడు తెలిసి కోరితే మార్చడం వేరు అని ఆయనకే అర్థమవుతుంది. మధ్యే మార్గం కూడా ఒకటుంది. జబేజ్ పక్కన వాడికి నచ్చిన ఇంకో పేరు చేర్చుకోవచ్చు, మన క్రైస్తవ కుటుంబాల్లో రెండు మూడు పేర్లు కలిపి ఉండటం కొత్తేమీ కాదు.

ఏం చేసినా ఈ ఏడాదే తేల్చుకోండి, ఆ తొందర మాత్రం నిజమైనదే. టెన్త్ మెమోలో పడిన పేరే తర్వాత కాలేజీకి, ఉద్యోగానికి, పాస్‌పోర్టుకు ఆధారం అవుతుంది. స్కూలు వాళ్లు నామినల్ రోల్స్, అంటే పరీక్ష రాసే పిల్లల జాబితా, పంపేలోగా అయితే హెడ్మాస్టర్ గారి దగ్గర, పుట్టిన సర్టిఫికెట్‌తో పని కొంచెం తేలిక. మెమో వచ్చాక మార్చాలంటే అఫిడవిట్, పేపర్ ప్రకటన, గెజిట్ అని చాలా తిరగాలి. మార్చకుండా ఉంచేసినా ఒక పని చేయండి. ఆధార్‌లో, పుట్టిన సర్టిఫికెట్‌లో, స్కూలు రిజిస్టరులో ఇంగ్లీషు స్పెల్లింగ్ ఒకటేనా అని మూడూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. ఒకచోట యబ్బేజు అని, ఇంకోచోట జబేజ్ అని, మరోచోట జాబెజ్ అని పడటం చాలామందికి జరిగింది.